గీత ఎవరిది? కొలత ఎవరి చేతిలో?

పిల్లల బరువెంత, ఎత్తెంత అన్నది డాక్టర్లూ నర్సులూ చూసుకోవలసిన సంగతి, హక్కుల పత్రికకు దానితో పనేమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. అయినా ఈ సంచిక సంపాదకీయం దాని గురించే రాస్తున్నాను. అయిదేళ్ళలోపు బిడ్డ ఎదుగుదలను చూపించే గీత ఒకప్పుడు అంగన్‌వాడీ గోడమీదా, రిజిస్టరులోనూ ఉండేది. ఇప్పుడది ఫోనులోకీ, ఆసుపత్రి కంప్యూటరులోకీ వెళ్ళిపోయింది. ఆ గీతల మధ్య చుక్క ఎక్కడ పడిందన్నదాన్నిబట్టి బిడ్డకు ఇచ్చే తిండి మారుతుంది. పెద్దాసుపత్రికి పంపాలా వద్దా అన్నది మారుతుంది. ఆ తల్లి పిల్లను సరిగ్గా చూసుకుంటోందా లేదా అని ఊరూ, అత్తవారిల్లూ, ఆఫీసూ ఇచ్చే తీర్పు కూడా మారుతుంది. ఇన్నింటిని మార్చగల చుక్క సరైన చోట పడుతోందా అని అడగడం మన పనే.

ఇది దయాధర్మాల విషయం కాదు, చట్టం విషయం. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 6వ సెక్షను ప్రకారం లోపపోషణకు గురైన పిల్లలను అంగన్‌వాడీ ద్వారా గుర్తించి, వాళ్ళకు ఉచితంగా ఆహారం ఇవ్వడం రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యత. 2023లో సవరించేవరకూ ఆ చట్టం రెండవ షెడ్యూలులో ఆరు నెలలనుంచి ఆరేళ్ళ పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అని ఉండేది. లోపపోషణతో ఉన్న పిల్లలకు 800 కేలరీలు, 20 నుంచి 25 గ్రాములు అని ఉండేది. అంటే చుక్క గీతకు కింద పడితే బిడ్డకు ఎక్కువ తిండి హక్కుగా వస్తుంది. తప్పుగా పైన పడితే ఆ అదనపు తిండి పోతుంది. ఆకలితో ఉన్న బిడ్డ ఆకుపచ్చ రంగులో కనిపిస్తే ఆ బిడ్డకోసం ఎవరూ రారు. ఎవరూ రాలేదని తల్లికి తెలియను కూడా తెలియదు.

ఈ చార్టు ఎలా పుట్టిందో గుర్తు చేసుకోవడం మంచిది. డేవిడ్ మోర్లీ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు నైజీరియా పల్లెల్లో పనిచేస్తూ ఒక కార్డు తయారు చేశాడు. ప్రతి నెలా బిడ్డను తూచి చుక్క పెట్టి, చుక్కలను కలిపి గీత గీసి, ఆ కార్డును తల్లి చేతికే ఇచ్చేవారు. చదువురాని తల్లికి కూడా గీత పైకి పోతోందా, అడ్డంగా సాగుతోందా, కిందికి దిగుతోందా కళ్ళకు కనబడుతుంది. జబ్బు ముదిరి ఆసుపత్రికి పరుగెత్తకముందే ఆమెకు సంగతి తెలుస్తుంది. చార్టు మొదటి ఉద్దేశం ఇదే. ఢిల్లీకో జిల్లా ఆఫీసుకో లెక్క పంపడం తరవాత వచ్చి చేరిన పని.

మన దేశంలో 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైంది. అప్పటినుంచి తూకం వేయడం అంగన్‌వాడీ టీచరు పనుల్లో ముఖ్యమైనది. 2018 మార్చి 8న, మహిళా దినోత్సవంనాడు, పోషణ్ అభియాన్ మొదలుపెట్టి టీచర్ల చేతికి ఫోన్లిచ్చారు. 2021 మార్చి 1న పోషణ్ ట్రాకర్ వచ్చింది. టీచరు పుట్టిన తేదీ, ఆడా మగా, బరువు, ఎత్తు కొడితే యాప్ తానే లెక్కకట్టి రంగు చూపిస్తుంది. చేత్తో చుక్కలు పెట్టే శ్రమ తగ్గింది, నిజమే. చేతిలెక్కలో జరిగే పొరపాట్లు కొన్ని తగ్గాయి, అదీ నిజమే. నేను యంత్రానికి వ్యతిరేకిని కాను. కానీ చాలాచోట్ల చూస్తున్నది ఏమిటంటే, తూకం అయ్యాక అంకె ఫోనులోకి పోతుంది, పిల్ల ఇంటికి పోతుంది, తల్లికి మాత్రం ఏమీ అందదు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో చార్టు పేజీ ఖాళీగానే ఉంటుంది. మోర్లీ కార్డు ఎవరికోసం పుట్టిందో వాళ్ళ చేతిలోంచే జారిపోయింది.

ఇక చుక్క సరైనదా కాదా అన్న ప్రశ్నకు వస్తాను. మొదట, ఏ గీతతో పోలుస్తున్నారు? గీతలు ఆకాశంనుంచి ఊడిపడలేదు. ఎవరో కొందరు పిల్లలను కొలిచి తయారు చేసినవే. మనలో పాతవాళ్ళకు మొదటి గ్రేడు, రెండో గ్రేడు, మూడు, నాలుగు అని లెక్కపెట్టిన రోజులు గుర్తుంటాయి. అమెరికాలోని బోస్టన్ పిల్లల కొలతల ఆధారంగా 1972లో భారత పిల్లల వైద్యుల సంఘం చేసిన వర్గీకరణ అది. 2008 వరకూ ఐసీడీఎస్‌లో అదే నడిచింది. ప్రపంచమంతటా చాలాకాలం వాడిన ఇంకో కొలమానం 1977లో అమెరికాలో తయారైంది. అందులో పసిపిల్లల గీతలకు ఆధారం ఒహాయో రాష్ట్రంలోని ఒక ప్రాంతపు పిల్లలు. వాళ్ళలో ఎక్కువమంది సీసాపాలు తాగి పెరిగినవాళ్ళు.

దీనివల్ల స్త్రీలకు జరిగిన నష్టం మామూలుది కాదు. తల్లిపాలు తాగే బిడ్డ మొదటి రెండు మూడు నెలలు చకచకా పెరిగి, తరవాత సీసాపాల బిడ్డకన్నా కొంచెం నెమ్మదిగా బరువు పెరుగుతుంది. అది ఆరోగ్యమే. కానీ సీసాపాల గీత పక్కన పెట్టి చూస్తే ఆ బిడ్డ వెనకబడినట్టు కనిపిస్తుంది. “నీ పాలు చాలడంలేదమ్మా, డబ్బా పాలు మొదలుపెట్టు” అన్న మాట ఎంతమంది తల్లులు విన్నారో మనకు తెలుసు. గీతలో ఉన్న లోపం తల్లి రొమ్ములో ఉన్న లోపంగా మారిపోయింది. డబ్బాపాల కంపెనీలకు అంతకన్నా కావలసింది ఏముంది?

ఈ తప్పును దిద్దడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, భారతదేశం, నార్వే, ఒమన్, అమెరికాలలో సుమారు 8,500 మంది పిల్లలను కొలిపించింది. మన దేశంనుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. తల్లిపాలు తాగి, పొగతాగని తల్లుల దగ్గర, సరైన వసతుల మధ్య పెరిగిన పిల్లలు వీళ్ళు. 2006లో వచ్చిన ఆ ప్రమాణాలనే 2008నుంచి మన ఐసీడీఎస్ తీసుకుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ సైతం రెండేళ్ళలోపు పిల్లలకు తమ సొంత చార్టు మాని ఈ చార్టే వాడమని 2010లో చెప్పింది. కాబట్టి ఆసుపత్రిలో కంప్యూటరు చూసి “మీ బిడ్డ తక్కువుంది” అన్నప్పుడు “ఏ చార్టు ప్రకారం డాక్టరుగారూ?” అని అడగడం తల్లికి ఉన్న హక్కు. విదేశీ చార్టునే ముందుగా పెట్టి అమ్మిన సాఫ్ట్‌వేర్‌లో దాన్ని మార్చారో లేదో అక్కడున్న సిబ్బందికే తెలియకపోవచ్చు. అడిగితేనే ఎవరైనా తీసి చూస్తారు.

గీత సరైనదే అనుకుందాం. అప్పుడైనా చుక్క తప్పుచోట పడే దారులు చాలా ఉన్నాయి. అంకెలతో చెపితేనే ఇది అర్థమవుతుంది.

వయసు తీసుకోండి. రెండేళ్ళు నిండిన ఆడపిల్ల బరువు 8.4 కిలోలు ఉందనుకుందాం. ఆ వయసు ఆడపిల్లకు ప్రమాణాల ప్రకారం కింది గీత 9 కిలోలు, ఇంకా కిందిగీత 8.1 కిలోలు. ఈ పిల్ల రెండింటి మధ్యన, అంటే పసుపులో ఉంది. కానీ పుట్టిన తేదీ ఆరు నెలలు తరవాతదిగా నమోదైతే యాప్ ఆమెను ఏడాదిన్నర పిల్ల అనుకుంటుంది. ఆ వయసుకు కిందిగీత 8.1 కిలోలు. పిల్ల ఆకుపచ్చలోకి వెళ్ళిపోతుంది. పిల్ల ఒక్క గ్రాము కూడా పెరగలేదు, లోపం మాత్రం మాయమైంది. తేదీ తెలియనప్పుడు జనవరి 1 అని వేసెయ్యడం మనకు కొత్త కాదు. ఇటుక బట్టీలకూ, పత్తి చేలకూ వలసపోయినచోట పుట్టిన పిల్లలకే ఇది ఎక్కువగా జరుగుతుంది. ఎక్కువ తిండి అవసరమయ్యేదీ ఆ పిల్లలకే.

ఆడా మగా అన్నది తీసుకోండి. ఏడాది నిండిన మగపిల్లవాడికి కిందిగీత 7.7 కిలోలు, ఆడపిల్లకు 7 కిలోలు. 7.4 కిలోలున్న మగబిడ్డను పొరపాటున ఆడ అని నమోదు చేస్తే లోపం కనబడదు. అదే బరువున్న ఆడబిడ్డను మగ అని నమోదు చేస్తే లేని లోపం కనబడుతుంది. ఇందులోనే మనం గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఆడపిల్లలకు గీతలు ఇప్పటికే విడిగా, తక్కువలో గీసి ఉన్నాయి. ఆ తక్కువ గీతకు కూడా కింద ఉన్న పిల్లను చూసి “ఆడపిల్ల కదా, సన్నగానే ఉంటుంది” అంటే ఒప్పుకోవడానికి వీల్లేదు. ఆ పిల్ల సన్నగా పుట్టలేదు, ఆమె పళ్ళెంలోకి తక్కువ వచ్చింది.

ఎత్తు తీసుకోండి. రెండేళ్ళలోపు బిడ్డను పడుకోబెట్టి, రెండేళ్ళు దాటితే నిలబెట్టి కొలవాలి. ఒకే బిడ్డను రెండు రకాలుగా కొలిస్తే పడుకున్న కొలత సుమారు 0.7 సెంటీమీటరు ఎక్కువ వస్తుంది. అందుకే ఎలా కొలిచారో సాఫ్ట్‌వేర్ అడగాలి, తేడాను సరిచెయ్యాలి. ఎత్తు తప్పితే రెండు లెక్కలు తప్పుతాయి. ఎత్తు ఎక్కువగా రాస్తే గిడసబారిన బిడ్డ మామూలుగా కనిపిస్తుంది, మామూలు బిడ్డ చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. తక్కువగా రాస్తే దీనికి తలకిందులు. ఏడుస్తూ కాళ్ళు ముడుచుకునే పసిబిడ్డను కొలబల్లమీద సరిగ్గా కొలవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆయా పోస్టు ఖాళీగా ఉన్న సెంటరులో టీచరుకు నాలుగు చేతులు ఎక్కడినుంచి వస్తాయి?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ సంగతి ఇంకా అన్యాయం. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డ నాలుగో నెలలో ఉన్నప్పుడు రెండు నెలల బిడ్డగానే లెక్కించాలి. రెండేళ్ళ వరకూ ఈ సవరణ చెయ్యాలని వైద్యులే చెపుతారు. పుట్టిన తేదీ ఒక్కటే తెలిసిన సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు. కష్టపడి బతికించుకున్న బిడ్డకు నెల నెలా ఎర్రజెండా చూపించి తల్లిని నిలదీస్తుంది.

ఇవన్నీ సాంకేతిక విషయాలనీ, నిపుణులు చూసుకుంటారనీ అంటారు. ఒక సెక్టారు మీటింగులో నేను వెనక కూర్చుని విన్న మాటలు వేరుగా ఉన్నాయి. ఒక టీచరు లేచి, ఒక పిల్ల పుట్టిన తేదీ తప్పు పడిందనీ, దిద్దబోతే యాప్ తీసుకోవడంలేదనీ చెప్పింది. “ముందు మీ సెంటరు వంద శాతం ఎంట్రీ చెయ్యండి, తరవాత చూద్దాం” అన్నది ఆమెకు వచ్చిన జవాబు. తరవాత ఇంకో టీచరును, మీ సెంటరులోనే ఇంతమంది తక్కువ బరువు పిల్లలెందుకున్నారని అందరిముందూ అడిగారు. ఎంట్రీ లేకపోతే తప్పు, ఎంట్రీలో లోపం కనిపించినా తప్పు. ఈ రెండు తప్పుల మధ్య ఇరుక్కున్న మనిషికి మిగిలిన దారి ఏమిటి? పోయిన నెల బరువుకు కొంచెం కలిపి రాసెయ్యడం. అలా రాసేటట్టు చేసిన వ్యవస్థను వదిలి, రాసిన ఆడమనిషిని దొంగలెక్కల మనిషి అనడం న్యాయమా?

ఈ లెక్కలతో దేశంలో ఏం జరుగుతోందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం గిడసబారినవాళ్ళు, 19.3 శాతం ఎత్తుకు తగిన బరువులేక చిక్కిపోయినవాళ్ళు. తెలంగాణలో చిక్కిపోయినవాళ్ళు 21.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 16.1 శాతం. 2023 అక్టోబరులో ప్రపంచ ఆకలి సూచిక భారతదేశానికి 18.7 శాతం అని చూపించినప్పుడు కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఒప్పుకోలేదు. పోషణ్ ట్రాకర్‌లో అది నెల నెలా 7.2 శాతంలోపే ఉందని ప్రకటించింది. ఒకటి ఇంటింటికీ తిరిగి నమూనాగా ఎంచుకున్న పిల్లలను శిక్షణ పొందిన బృందాలు కొలిచిన లెక్క. ఇంకొకటి అంగన్‌వాడీలో పేరుండి, ఆ నెల తూకానికి వచ్చిన కోట్లాది పిల్లల లెక్క. కాలమూ వేరు, పద్ధతీ వేరు, లెక్కలోకి వచ్చిన పిల్లలూ వేరు. రెండూ అచ్చంగా కలవాలని నేననను. కానీ తేడా సగానికి మించి ఉన్నప్పుడు, కొన్ని సెంటర్లలో పిల్లలను బయటివాళ్ళచేత మళ్ళీ కొలిపించి చూడటం మర్యాద. చూడకుండానే చిన్న అంకెను ఎత్తిపట్టుకుని ఆకలి తగ్గిందనడం పాలకులకు అనుకూలం, పిల్లలకు కాదు.

మన పిల్లలు పుట్టుకతోనే చిన్నవాళ్ళు, ఈ గీతలు మనకు సరిపడవు అనే వాదన కూడా ఉంది. ఆర్థికవేత్త అరవింద్ పనగారియా 2013లో ఈ వాదనను గట్టిగా వినిపించారు. మన దేశపు గీతలు మనం గీసుకోవాలన్న మాట ఇప్పటికీ వినబడుతోంది. వైద్యులు చర్చించుకోవలసిన విషయాలు అందులో ఉండవచ్చు. నా భయం ఒక్కటే. దక్షిణ ఢిల్లీలో కడుపునిండా తిన్న పిల్లలు నార్వే పిల్లలకు దగ్గరగానే పెరిగారని ఆ ఆరు దేశాల అధ్యయనమే చూపించింది. అలాంటప్పుడు గీతను కిందికి దించితే, ఒక్క గుడ్డు కూడా అదనంగా పెట్టకుండానే లక్షలమంది పిల్లలు జాబితాలోంచి జారిపోతారు. సాఫ్ట్‌వేర్‌లో అది ఒక్క రాత్రిలో అయిపోయే పని. మర్నాడు తెరమీద ఆకుపచ్చ పెరుగుతుంది. దాన్ని ప్రగతి అంటారు.

ఈ మొత్తంలో ఇద్దరు స్త్రీలను ఎదురెదురుగా నిలబెడుతున్నారు. తల్లేమో టీచరు సరిగ్గా తూచలేదంటుంది. టీచరేమో తల్లి ఇచ్చిన బాలామృతం ఇంట్లో అందరికీ పంచిందంటుంది. ఇద్దరూ నిజమే చెపుతుండవచ్చు. కానీ పాడైన కాటాను మార్చని ఆఫీసూ, ఆలస్యంగా వచ్చే సరుకూ, దిద్దుబాటు లేని యాప్ ఈ తగువులో ఎక్కడా కనబడవు. 2021 ఆగస్టులో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు పనికిరాని ఫోన్లనూ, అర్థంకాని ఇంగ్లీషు యాప్‌నూ నిరసిస్తూ ఫోన్లు తిరిగి ఇచ్చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలైన సమ్మె, ఎస్మా ప్రయోగించినా, 42 రోజులు సాగింది. సరైన కొలత కావాలంటే కొలిచే మనిషికి బతకగలిగే జీతం, తోడు మనిషి, తప్పును తప్పని చెప్పే ధైర్యం ఉండాలి. అంగన్‌వాడీ కార్యకర్తల పోరాటమూ, పిల్లల తిండి పోరాటమూ వేరువేరు కావు.

మన సంఘాలు ఏం చెయ్యవచ్చు? కొన్ని పనులకు ఏ అనుమతీ అక్కరలేదు. తూకం రోజున సెంటరుకు వెళ్ళండి, తనిఖీ అధికారిలా కాకుండా సాయం చెయ్యడానికి. కిలో ఉప్పు ప్యాకెట్లు అయిదు కాటామీద పెడితే అది అయిదు దగ్గరే ఆగుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. టీచరుతో కలిసి పదిమంది పిల్లల పుట్టిన తేదీలను పుట్టుక ధ్రువపత్రంతోనో, ఆసుపత్రి కాగితంతోనో సరిచూడండి. బరువును తల్లి దగ్గరున్న కార్డులో పెన్నుతో రాయించండి, చుక్క పెట్టించండి, గీత ఎటు పోతోందో తల్లికి చూపించండి. ఆరు నెలలనుంచి అయిదేళ్ళ పిల్లలకు జబ్బపట్టీతో కొలవండి. ఆ పట్టీకి సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువ ఉంటే, యాప్‌లో ఏ రంగు ఉన్నా సరే, ఆ బిడ్డను ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. తప్పు పడిన తేదీని, ఆడా మగాను ఊరిస్థాయిలోనే, ఆధారం చూపించి దిద్దుకునే వీలుండాలి. దిద్దినది ఎవరు, ఎప్పుడు అన్నది రికార్డులో నిలవాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు విడిగా గడి ఉండాలి. ఏ చార్టు, ఏ సంవత్సరం ప్రమాణం వాడుతున్నారో తెరమీద తెలుగులో రాసి ఉండాలి. ప్రతి జిల్లాలో ఏటా కొన్ని సెంటర్ల పిల్లలను స్వతంత్రంగా మళ్ళీ కొలిచి ఫలితాలు ప్రజలముందు పెట్టాలి. లోపపోషణ ఎక్కువ చూపించిన సెంటరుకు మెమో బదులు ఎక్కువ సరుకు రావాలి. ఎంతమంది పిల్లలను కొలిచారు, ఎంతమందికి అదనపు ఆహారం నిజంగా అందింది అన్న లెక్కలకోసం 2005 సమాచార హక్కు చట్టం కింద మండలానికొక దరఖాస్తు పెట్టడం మనం ఈ మూడు నెలల్లోనే చెయ్యగలిగిన పని.

అందరికీ ఐసీడీఎస్ అన్నది ఎవరో ఇచ్చింది కాదు. 2001లో మొదలైన ఆహార హక్కు కేసులో, ఎన్నో సంఘాల పోరాటం తరవాత, 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పుతో వచ్చింది. అడిగిన ఊరికి సెంటరు వచ్చింది. ఆ సెంటరులో ఇప్పుడు ఒక ఫోనుంది. ఆ ఫోనులో మన పిల్ల బరువెంతని రాసి ఉందో, ఆ అంకె నిజమో కాదో తెలుసుకుని, తప్పయితే దిద్దించుకునే హక్కు కూడా అడిగితేనే వస్తుంది. వచ్చే నెల తూకం రోజు ఎప్పుడో మీ ఊరి టీచరును అడిగి ఉంచుకోండి.